వినకముందే చెప్పిన జవాబు



ఈ వారం మీతో ఒక సాక్ష్యం పంచుకోవాలని ఉంది. ఇది మా విశ్వాసం గొప్పదని చెప్పుకునే సాక్ష్యం కాదు, మేము చేసిన తప్పును ఒప్పుకునే సాక్ష్యం. ఆ సహోదరి అనుమతితోనే రాస్తున్నాం. "అయ్యగారూ, నా పేరు వద్దుగానీ సంగతి మాత్రం అందరికీ చెప్పండి. ఇంకో ఆడమనిషికి ఇలా కాకూడదు" అని ఆమే అన్నది. మీలో ఎవరికైనా ఆమె ఎవరో తెలిసినా, దయచేసి ఆ పేరు నోట అనకండి.

మిరప కోతల రోజులవి. బుధవారం సాయంత్రం ఏడు గంటలప్పుడు ఆ సహోదరి చేను నుంచి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా మా దగ్గరికి వచ్చింది. పొత్తికడుపులో కుడివైపు నొప్పి. మధ్యాహ్నం ఒకసారి వాంతి అయిందట. నిలబడలేక గుమ్మం పట్టుకుని, "ప్రార్థన చేయండి అయ్యగారూ" అన్నది.

ఎండలో పని, వేళకు తిండి లేదు, గ్యాసు పట్టి ఉంటుందనుకున్నాం. అమ్మగారు వాము నీళ్లు కాచి ఇచ్చారు. తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించాం. తర్వాత ఆమె అత్త వచ్చి ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఒక ఇంజెక్షన్ చేసి పంపాడు. వెళ్లేటప్పుడు ఆమె, "భుజం కూడా లాగుతోంది అమ్మగారూ" అన్నది. మిరపకాయల గోతాలు ఎత్తింది కదా, అందుకే అన్నాం. "రాత్రికి పడుకో తల్లీ, ప్రభువు చూసుకుంటాడు, పొద్దుటికి తగ్గుతుంది" అని చెప్పి పంపాం.

చూశారా, ఆమె ఒక్కో మాట చెబుతుంటే ఒక్కో మాటకూ మా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కడుపు నొప్పికి గ్యాసు, వాంతికి ఎండ, భుజం నొప్పికి గోతాలు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

రాత్రి పదకొండు దాటాక ఆమె పెద్ద కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. దొడ్లోకి వెళ్లబోయి అమ్మ పడిపోయిందన్నాడు. మేము వెళ్లేసరికి ఆమె ముఖం తెల్లగా పాలిపోయి, ఒళ్లంతా చల్లటి చెమటతో ఉంది. 108కి ఫోన్ చేశాం. బండిలోని అబ్బాయి బీపీ చూసి, "పై బీపీ తొంభై లోపే ఉంది" అని ముఖం మార్చుకుని దగ్గరి ఆసుపత్రి దాటి పెద్దాసుపత్రికే పోనిమ్మన్నాడు. దారి పొడుగునా మేము ప్రార్థిస్తూనే ఉన్నాం. ఆ ప్రార్థన సాయంత్రం చేసినదానిలా లేదు. సాయంత్రం మేము ప్రభువుకు సంగతి ఏమిటో చెప్పి, తగ్గించమన్నాం. బండిలో మాత్రం, "ప్రభువా, మాకేమీ తెలియదు" అన్నాం.

క్యాజువాలిటీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. నాడి పట్టుకుని చూస్తూనే, "ఎప్పటినుంచి నొప్పి? ఆఖరిసారి నెలసరి ఎప్పుడైంది?" అని అడిగింది. ఆ సహోదరి నోరు తెరిచేలోపే మేము, "రెండో బిడ్డ తర్వాత ఆపరేషన్ అయిపోయిందమ్మా, ఎనిమిదేళ్లయింది. ఆ అనుమానమే లేదు" అన్నాం. అత్త కూడా, "కొడుకు హైదరాబాదులో తాపీ పనికి పోతాడు, నెలకోసారి వస్తాడు, అలాంటిదేం లేదు" అన్నది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మీరు చెప్పింది విన్నాను సార్. ఇప్పుడు నేను ఆమెనే అడగాలి. మీరిద్దరూ కాస్త బయట ఉండండి" అన్నది. ఎవరు తోడు ఉండాలని సహోదరినే అడిగితే ఆమె అమ్మగారి చెయ్యి పట్టుకుంది. తెర లాగేశారు.

తెర వెనక జరిగింది అమ్మగారు చెప్పగా విన్నాం. నెల తప్పి ఇరవై రోజులైందని, నాలుగు రోజులుగా కొద్దికొద్దిగా మరక కనిపిస్తోందని ఆమె చిన్న గొంతుతో చెప్పిందట. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఆపరేషన్ అయిన దానికి నెల తప్పిందంటే, మొగుడు ఊళ్లో లేడాయె, జనం ఏమనుకుంటారు? అయ్యగారు మాత్రం ఏమనుకుంటారు?" అన్నదట.

ప్రియులారా, ఈ చివరి మాట మమ్మల్ని ఇప్పటికీ నిద్రపోనివ్వదు. నొప్పితో ఆమె ముందుగా వచ్చింది మా గుమ్మానికి. ఆ నొప్పి గురించిన నిజాన్ని దాచుకున్నదీ మా దగ్గరే.

మూత్ర పరీక్షలో రెండు గీతలు వచ్చాయి. వెంటనే డాక్టరమ్మ చక్రాల మీద ఉన్న చిన్న స్కానింగ్ యంత్రాన్ని మంచం పక్కకే లాక్కుంది. పెద్ద స్కానింగ్ గది వేరే భవనంలో ఉంది. అక్కడ రిపోర్టు రాసే డాక్టరు పొద్దున గానీ రారు. అంతదాకా ఆగే స్థితి కాదు, స్ట్రెచర్ మీద ఆ మనిషిని అటూ ఇటూ తిప్పే స్థితీ కాదు. అందుకని ఆవిడే స్వయంగా చూసింది. ముందు కుడివైపు పక్కటెముకల కింద యంత్రం పిడి ఆనించింది. కాలేయమూ కుడి మూత్రపిండమూ మామూలుగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయట. ఆ రెంటి మధ్య నల్లటి చార కనిపించింది. తెర మీద నలుపు అంటే ద్రవం. తర్వాత బొడ్డు కింద చూసింది. గర్భసంచి ఉంది, అందులో గర్భం తిత్తి లేదు. గర్భసంచి వెనకంతా నలుపే. మొత్తం రెండు మూడు నిమిషాలు.

ఆవిడ పిడి పక్కన పెట్టి, "ట్యూబులో గర్భం నిలిచి పగిలింది. కడుపులోకి రక్తం పోతోంది. ఆపరేషన్‌కు తీసుకెళ్లాలి" అన్నది. రెండు చేతులకూ సూదులు, రక్తం గ్రూపు పరీక్ష, ప్రసూతి డాక్టరుకు ఫోను, అన్నీ ఒకేసారి కదిలాయి. కొడుకు రాకుండా సంతకం పెట్టనని అత్త ఏడ్చింది. "ఆమె మేజరు, స్పృహలో ఉంది, ఆమె సంతకమే చాలు" అన్నారు. వణికే చేత్తో ఆ సహోదరే సంతకం చేసింది. మన సంఘం తమ్ముళ్లు ముగ్గురు తెల్లవారకముందే మోటారు సైకిళ్ల మీద వచ్చి రక్తం ఇచ్చారు. కడుపులో నుంచి లీటరుకు పైగా రక్తం తీశారు, పగిలిన ట్యూబును తొలగించారు. ఆమె బతికింది. దేవునికి స్తోత్రం.

డిశ్చార్జి రోజున మేము ఆ డాక్టరమ్మను కలిసి, తప్పు ఒప్పుకుని, అర్థమయ్యేలా చెప్పమని అడిగాం. ఆవిడ చెప్పినది మీకూ చెబుతాం, ఎందుకంటే ఇది మన ఇళ్లలో ఏ ఇంటికైనా రావచ్చు.

వంద గర్భాల్లో ఒకటి రెండు గర్భసంచి బయట నిలుస్తాయట. వాటిలో చాలావరకు ట్యూబులోనే. ట్యూబు సన్నది, బిడ్డ పెరిగే చోటు కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు అది పగలవచ్చు. లోపల కారే రక్తం పైకి చేరి, ఊపిరితిత్తుల కింద ఉండే పొరను తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. మేము గోతాల మీదికి నెట్టేసిన భుజం నొప్పి ఇదే.

మరి ఆపరేషన్ అయినవారికి గర్భం ఎలా వస్తుంది? కుటుంబ నియంత్రణ ఆపరేషన్ దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది, కానీ చాలా కొద్దిమందిలో, కొన్నిసార్లు ఏళ్లు గడిచాక కూడా, కట్టిన ట్యూబులో సన్నని దారి తిరిగి ఏర్పడుతుంది. ఆ దారి గుండా అండం కలుస్తుంది గానీ కిందికి దిగలేక అక్కడే చిక్కుకుంటుంది. అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్న పదివేల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించారట. వారిలో తిరిగి వచ్చిన గర్భాల్లో దాదాపు మూడో వంతు గర్భసంచి బయటే నిలిచాయి. అంటే ఆపరేషన్ అయిన స్త్రీకి నెల తప్పి నొప్పి వస్తే అనుమానం తగ్గించుకోకూడదు, పెంచుకోవాలి. మేము "ఆపరేషన్ అయిపోయింది" అని ఏ మాటతో తలుపు మూశామో, ఆ మాటే డాక్టరును మరింత జాగ్రత్తపడేలా చేసింది.

"మరి ఆ యంత్రం అంతా చూపిస్తుందా అమ్మా?" అని అడిగాం. ఆవిడ నవ్వి, లేదన్నది. మంచం పక్కన చేసే స్కానింగ్‌తో తాను రెండే ప్రశ్నలు అడుగుతానన్నది. గర్భం గర్భసంచిలో ఉందా? కడుపులో రక్తం ఉందా? గర్భసంచిలోనే గర్భం స్పష్టంగా కనిపిస్తే ట్యూబులో గర్భం ఉన్నదన్న భయం దాదాపు తీరుతుంది. గర్భసంచి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఏదీ తేలదు. మరీ తొలి రోజుల గర్భం కావచ్చు, గర్భస్రావం కావచ్చు, ట్యూబులోది కావచ్చు. రోగి నిలకడగా ఉంటే పెద్ద స్కానింగ్ చేయిస్తారు, రక్తంలో గర్భం హార్మోను చూసి 48 గంటలకు మళ్లీ చూస్తారు. పగలకముందే తెలిస్తే కొందరికి కోత లేకుండా మందుతోనే నయం చేయవచ్చు. ఇక పొత్తికడుపు నొప్పి అంతా ఇదే కాదు. అపెండిక్స్ కావచ్చు, మూత్రంలో రాయి కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, అండాశయం మెలిక పడి ఉండవచ్చు. మెలిక పడ్డప్పుడు స్కానింగులో రక్త ప్రసరణ కనిపించినా మెలిక లేదని చెప్పలేమట. "స్కానింగులో ఏమీ కనిపించకపోయినా ఆ రాత్రి ఆమెను ఇంటికి పంపేదాన్ని కాదు. మనిషి చెప్పేది ముందు, యంత్రం తర్వాత" అన్నది ఆవిడ.

ఇంటికొచ్చాక మేము ఈ యంత్రం చరిత్ర చదివాం. 1883లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ అనే డాక్టరు పగిలిన ట్యూబును తీసివేసి ఒక స్త్రీని బతికించాడు. అంతకుముందు ఇలాంటి స్త్రీలలో చాలామందికి చావే గతి. స్కాట్లాండులోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి డాక్టరు, బాయిలర్ల లోహంలో పగుళ్లు వెతికే శబ్ద యంత్రాన్ని చూసి, ఇదే పద్ధతితో మనిషి కడుపులోకి ఎందుకు చూడకూడదని మొదలుపెట్టాడు. 1958లో తన తోటివారితో కలిసి ఆ ఫలితాలు ప్రచురించాడు. ఆ రోజుల్లో ఒక స్త్రీకి నయం కాని క్యాన్సర్ అని అందరూ తేల్చేశారు. ఆయన యంత్రం పెట్టి చూస్తే అది అండాశయం మీద పెరిగిన పెద్ద నీటితిత్తి. దాన్ని తీసేస్తే ఆమె బతికింది. ఆయన దైవభక్తి గల క్రైస్తవుడు కూడా.

అయితే మన దేశంలో ఇదే యంత్రానికి ఇంకో చరిత్ర ఉంది. ప్రతి స్కానింగ్ సెంటరు గోడ మీదా, ఇక్కడ ఆడా మగా చెప్పబడదు, అది నేరం అని బోర్డు ఉంటుంది. కడుపులో ఆడపిల్లను చూసి చంపేవారు కాబట్టి 1994లో చట్టం తెచ్చారు. ప్రతి యంత్రమూ ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి, ఇష్టమొచ్చిన చోటికి మోసుకెళ్లడానికి లేదు. యంత్రం ఒక్కటే. ఒకరు "ఇది ఆడపిల్లా?" అని అడిగారు. ఇంకొకరు "ఈ ఆడపిల్ల లోపల రక్తం పోతోందా?" అని అడిగారు. ఒక ప్రశ్న ప్రాణం తీసింది, ఒక ప్రశ్న ప్రాణం నిలిపింది.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వద్దాం. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం తెరవండి. హన్నా మందిరంలో హృదయవేదనతో ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడదు. యాజకుడైన ఏలీ ఆమె నోటిని చూశాడు, చూసి తాగి ఉందని తీర్మానించాడు. దేవుని మందిరంలో, దేవుని సేవకుడు, దేవునికి మొరపెడుతున్న స్త్రీని చూసి చేసిన రోగ నిర్ధారణ అది! చూడడం చూశాడు, అడగలేదు. హన్నా ధైర్యం చేసి తన సంగతి చెప్పుకున్నది కాబట్టి ఏలీ మాట మార్చుకున్నాడు, ఆమెను దీవించి పంపాడు. ఈ కథ మేము ఎన్నోసార్లు బోధించాం. ఎప్పుడూ హన్నా వైపు నిలబడే బోధించాం. ఈసారి మా స్థానం ఏలీ కుర్చీలో ఉందని తెలిసింది.

మార్కు సువార్త ఐదో అధ్యాయం కూడా చదవండి. యాయీరు కూతురు చావు బతుకుల్లో ఉంది, ప్రభువు త్వరగా వెళ్లాలి. దారిలో, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడే స్త్రీ ఆయన వస్త్రం ముట్టుకుంది, స్వస్థపడింది. ఇక సాగిపోవచ్చు. కానీ ప్రభువు ఆగాడు. ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. ఆయనకు తెలియదా? తెలిసినా అడిగాడు, ఆమె సంగతి ఆమె నోటితోనే చెప్పుకోనిచ్చాడు. సిగ్గుతో వెనకనుంచి వచ్చినదాన్ని కుమార్తె అని పిలిచాడు. అడగడం వల్ల ఆయన పని ఆలస్యం కాలేదు. అటు యాయీరు కూతురూ లేచింది.

మరి ఆ సాయంత్రం మేము చేసిన ప్రార్థన తప్పా? ప్రార్థన తప్పు కాదు. హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు, అదే యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద వేయమన్నాడు. ప్రార్థనా మందూ ఒకే ఇంట్లో ఉన్నాయి. మా తప్పు ఏమిటంటే, మా ఊహకు విశ్వాసం అని పేరు పెట్టాం. సామెతలు 18:13 ఈ వారం మీరే తీసి చదవండి. మాకు అది అద్దంలా ఉంది.

ఆమె భర్త మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు కింద మమ్మల్ని పక్కకు పిలిచి, తల వంచుకుని, "అయ్యగారూ, ఆపరేషన్ అయిన మనిషికి కడుపు ఎలా వస్తుంది?" అని అడిగాడు. ఆ ప్రశ్న వెనక ఏముందో మాకు తెలుసు. ఈసారి మేము జవాబు చెప్పలేదు. అతణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ ఓపీ చీటీ వెనక ట్యూబు బొమ్మ గీసి, ముడి గీసి, ముడిలో సన్నని దారి గీసి చూపించింది. ఆపరేషన్ ఫెయిలైతే నష్టపరిహారం ఇవ్వడానికి ప్రభుత్వమే పథకం నడుపుతోందంటే ఇది జరిగే సంగతే కదా అన్నది. అతను ఆ చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. వార్డులోకి వెళ్లి, మంచం పక్కన కూర్చుని, బత్తాయి ఒలిచి ఒక్కో తొన ఆమెకు అందించాడు. అత్త అది చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ప్రియ సంఘమా, ఇక నుంచి మన మధ్య కొన్ని సంగతులు ఇలా ఉండాలని కోరుతున్నాం.

పిల్లలు కనే వయసున్న ఏ స్త్రీకైనా పొత్తికడుపులో హఠాత్తుగా నొప్పి వస్తే, దానితో నెల తప్పడం గానీ, మరక కనబడడం గానీ, కళ్లు తిరగడం గానీ, భుజం లాగడం గానీ ఉంటే తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. ప్రార్థన బండిలో చేద్దాం, మేమూ ఎక్కుతాం. ఆపరేషన్ అయినా సరే, పెళ్లి కాకపోయినా సరే, భర్త ఊళ్లో లేకపోయినా సరే.

డాక్టరు ముందు ఆమె బదులు మనం మాట్లాడవద్దు. అత్తగారైనా, భర్తయినా, పాస్టరైనా తెర బయటే ఉందాం. ఆమె చెప్పిన మాట ఎవరిదీ కాదు, ఆమెది. అది సంఘంలో తిరగకూడదు.

మన యవ్వనస్థుల రక్తం గ్రూపుల పట్టిక రాసి మందిరం బీరువాలో పెట్టాం. ఇంకా పేరు ఇవ్వనివారు ఆదివారం ఆరాధన తర్వాత ఇవ్వండి.

సహోదరీలారా, చివరిగా మీకొక మాట. "అయ్యగారు ఏమనుకుంటారో" అనే భయం మీలో ఎవరికైనా మావల్ల కలిగి ఉంటే మమ్మల్ని క్షమించండి. మాతో చెప్పలేనివి అమ్మగారితో చెప్పండి. అమ్మగారితోనూ చెప్పలేకపోతే డాక్టరుతో చెప్పండి. ప్రభువు మాత్రం మీ మాట వినకముందే తీర్పు తీర్చేవాడు కాడు.

ప్రార్థన చేద్దాం. పరలోకపు తండ్రీ, ఆ రాత్రి మా అజ్ఞానాన్ని దాటి నీ బిడ్డను కాపాడినందుకు స్తోత్రం. అడగడం తెలిసిన ఆ డాక్టరమ్మను, ఆమెలాంటి వారిని దీవించు. జవాబు చెప్పే ముందు వినే చెవి మాకు దయచేయి. సిగ్గుతో నొప్పి దాచుకునే ప్రతి సహోదరికీ చెప్పుకునే ధైర్యాన్నీ, ఆమె మాట నమ్మే మనుషులనూ దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.